మూడో పీరియడ్ ఆకలి

మా బడిలో మూడో పీరియడ్ పదకొండు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. కంభం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెబుతాను. ఆ వేళకు ఏ తరగతికి వెళ్లినా వెనక వరసల్లో ఒకరిద్దరు పిల్లలు బల్ల మీద తల వాల్చి ఉంటారు. మిరపకాయల కోతలు సాగే నెలల్లో ఇంకా ఎక్కువ మంది. “పొద్దున ఏం తినొచ్చినావురా?” అని అడిగితే, “ఏం తినల్యా మేడమ్. మాయమ్మ చీకటితోనే మిరక్కాయలకు పోయింది” అంటాడు పిల్లవాడు. మార్కాపురం, గిద్దలూరు, బేస్తవారిపేట, యర్రగొండపాలెం, ఈ చుట్టుపక్కల ఎక్కడ పాఠం చెప్పే టీచరైనా ఈ జవాబు వినే ఉంటారు. కంభం చెరువు కింద కాస్త మాగాణి తప్పిస్తే మిగతాదంతా చాలావరకు మెట్ట. వాన పడితే పంట, లేకపోతే కూలి, అదీ లేకపోతే వలస. తెల్లవారకముందే ఆటోలు కూలీలను ఎక్కించుకుని పోతాయి. పిల్లలు తమంతట తాము లేచి, తమంతట తాము బడికొస్తారు.

ఇలా తల వాల్చినవాడిని మనం ‘మొద్దు’ అంటాం. అదే తరగతిలో ఒళ్లు చేసిన అమ్మాయిని తోటి పిల్లలు ‘తిండిపోతు’ అంటారు. ఆ అమ్మాయి ఇంట్లో ముద్ద ముట్టని తాత ఉంటే ఆయనను ‘మొండికేశాడు’ అంటారు. ఒకరికి ఆకలి ఆగదు, ఒకరికి ఎంత తిన్నా తీరదు, ఒకరికి అసలు పుట్టదు. ముగ్గురికీ దక్కేవి తిట్లే. ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతూ వచ్చాక నాకొక నమ్మకం గట్టిపడింది. ఆకలి మనిషి గుణాన్ని బట్టి రాదు. రక్తంలో తిరిగే హార్మోన్లు, వాటి కబురు అందుకునే మెదడు కణాలు కలిసి దాన్ని పుట్టిస్తాయి, అవే దాన్ని చల్లారుస్తాయి. ఆ పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ ముగ్గురిలో ఎవరినీ తిట్టబుద్ధి కాదు. ఎవరికి ఏం చేయాలో కూడా కొంత తెలుస్తుంది.

కడుపు చెప్పే మాట, మెదడు వినే మాట

కొన్నేళ్ల కిందటి వరకు మన పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో ‘జీవక్రియలలో సమన్వయం’ అనే పాఠం ఉండేది. ఆకలి ఎందుకేస్తుంది అన్న ప్రశ్న అందులో ఉండేది. గ్రీలిన్, లెప్టిన్ అనే పేర్లు మన పల్లెల పిల్లలు మొదట విన్నది అక్కడే. ఆ పాఠం చెప్పే రోజు తరగతిలో ఎవరూ కిటికీలోంచి బయటికి చూసేవారు కాదు. తమ కడుపులో రోజూ జరిగేదే పుస్తకంలో ఉంది మరి.

కడుపు గుర్రుమనడమే ఆకలి అని చాలాకాలం శాస్త్రవేత్తలూ అనుకున్నారు. 1912లో అమెరికాలో వాల్టర్ కానన్ దగ్గర పనిచేసిన వాష్‌బర్న్ ఒక చిన్న రబ్బరు బెలూన్‌ను గొట్టంతో సహా మింగి, దానిలోకి గాలి ఊదించుకున్నాడు. జీర్ణాశయం ముడుచుకున్నప్పుడల్లా ఆ ఒత్తిడి కాగితం మీద గీతగా నమోదయ్యేది. ఆకలేసినట్టు అనిపించిన క్షణాలు, ఆ గీతలు కలిశాయి. దాంతో ఆకలి పుట్టేది కడుపులోనే అనుకున్నారు. అయితే జబ్బు చేసి జీర్ణాశయాన్ని పూర్తిగా తీసేసినవాళ్లకు కూడా ఆకలేస్తుంది. కాబట్టి అసలు నిర్ణయం ఇంకెక్కడో జరుగుతూ ఉండాలి.

అది ఎక్కడో వెతికినవాళ్లలో మన దేశస్థుడు ఒకరు ముందున్నారు. లాహోర్‌లో పుట్టిన డాక్టర్ బాలకృష్ణ ఆనంద్ 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి ఎలుకల మీద ప్రయోగాలు చేశారు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగం ఉంది. మనిషిలో దాని బరువు నాలుగు గ్రాముల లోపే. దాని రెండు పక్కల అంచుల్లో ఒక చిన్న చోటు దెబ్బతింటే ఎలుకలు తిండి పూర్తిగా మానేశాయి. ముందర గిన్నె నిండా మేత ఉన్నా ముట్టకుండా చనిపోయాయి. దానికి పదకొండేళ్ల ముందే, అదే హైపోథాలమస్‌లో మధ్యభాగం దెబ్బతిన్న ఎలుకలు విపరీతంగా లావెక్కుతాయని హెదరింగ్టన్, రాన్సన్ అనే అమెరికన్లు చూపించారు. తినమని చెప్పేదీ, చాలని చెప్పేదీ అక్కడే ఉన్నాయని దీంతో తేలింది. ఆనంద్ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో శరీరధర్మశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. ఆయన పేరు చెప్పినప్పుడు పిల్లల ముఖాలు వెలుగుతాయి. శాస్త్రం ఎక్కడో తెల్లవాళ్ల దేశంలో పుట్టిందనుకునే పిల్లలకు ఈ పేరు చెప్పి తీరాలి.

మరి కడుపు ఖాళీ అయిందని మెదడుకు ఎలా తెలుస్తుంది? జవాబు 1999లో జపాన్‌లో దొరికింది. మసయాసు కొజిమా, కెంజి కంగావా జీర్ణాశయం గోడల్లోంచి ఒక హార్మోన్‌ను వేరుచేశారు. అదే గ్రీలిన్. భోజనం వేళ దగ్గరపడేకొద్దీ రక్తంలో ఇది పెరుగుతుంది, తిన్నాక పడిపోతుంది. హైపోథాలమస్‌లో ఆర్క్యుయేట్ న్యూక్లియస్ అనే చోట రెండు రకాల కణాలు పక్కపక్కనే ఉంటాయి. ఒక రకం తినమని పురిగొల్పుతాయి, వీటిని ఏజీఆర్‌పీ కణాలంటారు. రెండో రకం పీఓఎంసీ కణాలు, ఇవి ఇక చాలంటాయి. గ్రీలిన్ మొదటి రకాన్ని రెచ్చగొడుతుంది. ఎలుకల్లో ఈ ఆకలి కణాలను సన్నటి కాంతితో ప్రేరేపించి చూశారు. అప్పుడే కడుపు నిండా తిన్న ఎలుక కూడా నిమిషాల్లో మళ్లీ మేత మీద పడింది. ఎదిగిన ఎలుకల్లో ఆ కణాలను నాశనం చేస్తే అవి తినడం మానేసి చిక్కిపోయాయి. ఇంత బలమైన కణాలవి.

పన్నెండేళ్ల పిల్లవాడి తలలో అవి రేగుతున్నప్పుడు మేం కిరణజన్య సంయోగక్రియ చెబుతుంటాం. పెద్దవాళ్లలో మెదడు బరువు శరీరంలో రెండు శాతమే అయినా మనం ఖర్చుచేసే శక్తిలో ఐదో వంతు అదే వాడుకుంటుంది. ఐదేళ్ల వయసు పిల్లల్లో ఈ వాటా నలభై శాతం దాటుతుంది. రాత్రి ఏడింటికి తిన్న అన్నంతో మరునాడు మధ్యాహ్నం దాకా ఆ మెదడును నడపమంటే ఎలా? శరీరం ఉన్న కాస్తనూ పొదుపు చేస్తుంది. ఒళ్లు వాలుతుంది, ధ్యాసంతా తిండి మీదికి పోతుంది. వాడు మొద్దు కాడు. వాడి మెదడు ఆ వేళకు చేయాల్సిన పనే చేస్తోంది.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. 2015లో కాలిఫోర్నియాలో జాకరీ నైట్ బృందం ఎలుకల ఆకలి కణాలు ఎప్పుడు చల్లారతాయో గమనించింది. తిన్నాక చల్లారతాయని అందరూ అనుకున్నారు. కానీ మేత కనిపించగానే, వాసన తగలగానే, ఒక్క ముక్క నోట్లో పడకముందే అవి చల్లబడ్డాయి. కనిపించిన తిండి అందకుండా పోతే మళ్లీ రేగాయి. మా బడి వంటశాలలో పన్నెండు కాకముందే పప్పుకు తాలింపు వేస్తారు. ఆవాలు, ఎండుమిరపకాయల ఘాటు వరండా దాటి తరగతుల్లోకి వస్తుంది. అప్పుడు చూడండి, వాలిన తలలు లేస్తాయి. చేతులు పుస్తకాల మీదికి వస్తాయి. అన్నం రాబోతోందని మెదడుకు నమ్మకం కుదిరింది. రోజూ అదే వేళకు తప్పకుండా వచ్చే అన్నం మీద ఉండే నమ్మకం అది. పిల్లలకు ఆ నమ్మకం కూడా తిండంత అవసరం.

ఒక్కపొద్దులో ఏం జరుగుతుంది?

“మరి రంజాన్‌లో మావాళ్లకు ఆకలెందుకు కాదు మేడమ్?” అని ఒకమ్మాయి అడిగింది. కంభంలో, మార్కాపురంలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. అడిగినది అక్కరలేని ప్రశ్న కాదు. దోర్నాల మీదుగా నల్లమల దాటి శ్రీశైలం నడిచిపోయే శివస్వాములదీ అదే అనుభవం. మొదటి రోజుల్లో మధ్యాహ్నం కడుపులో మంటగా ఉంటుంది, ఓ గంట ఓర్చుకుంటే దానంతటదే తగ్గుతుంది అంటారు.

అది నిజమే. ఆరోగ్యంగా ఉన్న మనుషులను ఒకటిన్నర రోజు ఏమీ తినకుండా ఉంచి, తరచుగా రక్తం తీసి చూశారు. వాళ్ల గ్రీలిన్ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రోజూ తినే వేళలకే పెరిగింది. ఏమీ తినకపోయినా కాసేపటికి తగ్గింది. గ్రీలిన్ కడుపు ఖాళీని మాత్రమే చూసి రాదు, అలవాటైన గడియారాన్ని బట్టి కూడా వస్తుంది. సహరీ, ఇఫ్తార్ వేళలకు శరీరం కొన్ని రోజుల్లో అలవాటు పడటంలో వింత లేదు.

అయితే ఎదిగిన మనిషి ఇష్టపడి ఉన్న ఉపవాసానికీ, చిన్నపిల్లవాడు తప్పనిసరై ఉన్న ఖాళీ కడుపుకీ పోలిక పెట్టకూడదు. ఉపవాసం ఉన్నవాడు తెల్లవారుజామున తిని ఉంటాడు, సాయంత్రం ఏం తింటాడో అతనికి తెలుసు. పిల్లవాడికి ఎదిగే ఒళ్లు, చిన్న నిల్వ. “పిల్లలు ఆకలికి అలవాటు పడతారులే” అని పెద్దవాళ్లు అంటుంటారు. అలవాటు పడేది ఆ గంటసేపటి మంటకే. ఎముకకు, కండకు, రక్తానికి కావలసినది అలవాటుతో రాదు.

చాలు అని చెప్పేది ఎవరు?

తినడం ఎక్కడ ఆపాలో చెప్పేది పేగు. పప్పు, కొవ్వు చిన్నపేగు మొదట్లోకి చేరగానే సీసీకే అనే హార్మోన్ వస్తుంది. ఇది తిండిని తగ్గిస్తుందని 1973లో గిబ్స్, యంగ్, స్మిత్ ఎలుకల్లో చూపించారు. పేగు కింది భాగం నుంచి పీవైవై, జీఎల్‌పీ–1 అనే మరో రెండు వస్తాయి. జీర్ణాశయం సాగిన సంగతిని వేగస్ నాడి మోసుకెళ్తుంది. ఇవన్నీ మెదడుకు చేరి, అది ‘చాలు’ అనడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో కంచం ఖాళీ చేసేవాడు ఆ కబురు చేరేలోపే రెండోసారి వడ్డించుకుంటాడు.

ఏం తిన్నామన్నదీ ముఖ్యమే. మా ప్రాంతంలో రాగి సంగటి, జొన్న రొట్టె, కొర్రన్నం, సజ్జ రొట్టె పెద్దలు తిన్న తిండి. సంగటి ముద్దలో పప్పో, ఊరిబిండో కలుపుకుని తింటే పొద్దుగూకే దాకా పొలంలో నిలబడగలిగేవారు. పీచు, మాంసకృత్తులు ఉన్న తిండి నెమ్మదిగా కదులుతూ పేగు చివరిదాకా పోయి ఆ ‘చాలు’ హార్మోన్లన్నింటినీ లేపుతుంది. మెత్తటి బన్ను, చిప్స్ పొట్లం, రంగు కూల్‌డ్రింక్ అలా కావు. నమలాల్సిన పని లేదు, త్వరగా దిగిపోతాయి, త్వరగా మళ్లీ ఆకలేస్తుంది.

దీన్ని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ కొలిచి చూపించాడు. 2019లో వెలువడిన ఆ పరిశోధనలో ఇరవై మంది నాలుగు వారాలు ఆస్పత్రిలోనే ఉన్నారు. రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంట్లో వండుకునే తరహా తిండి. వడ్డించిన తిండిలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానంగా ఉండేలా చూశారు. ఎవరికి ఎంత కావాలంటే అంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో కిలో దాకా బరువు పెరిగారు. వాళ్ల బుద్ధి రెండు వారాలకొకసారి మారలేదు కదా! మారింది కంచంలోని తిండే. బడి ముందు బంకులో ఐదు రూపాయల పొట్లాలు వేలాడుతుంటే పిల్లలను మాత్రమే తప్పుపట్టడం అన్యాయమని నేను అందుకే అంటాను.

తార్నాకలోని బొద్దు ఎలుక

ఇక రెండో పిల్ల సంగతి. ‘తిండిపోతు’ అని పేరు పడిన అమ్మాయి.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. అక్కడ దశాబ్దాలుగా పెంచుతున్న తెల్ల ఎలుకల మందలో అనుకోకుండా కొన్ని ఎలుకలు విపరీతంగా తింటూ లావెక్కడం కనిపించింది. డాక్టర్ ఎన్.వి. గిరిధరన్, ఆయన సహచరులు వాటిని విడిగా పెంచి, 1996లో కొత్త జాతిగా లోకానికి పరిచయం చేశారు. దాని పేరు డబ్ల్యూఎన్ఐఎన్–ఓబీ. మామూలు ఎలుక అరకిలో లోపే ఉంటే, ఇవి కిలో దాటి పెరుగుతాయి. ఐదు వారాల పిల్లగా ఉన్నప్పుడే తేడా కంటికి తెలిసిపోతుంది. వాటికి పిల్లలు పుట్టరు. వాటి రక్తంలో లెప్టిన్ అనే హార్మోన్ చాలా ఎక్కువగా ఉంటుంది.

ఆ లెప్టిన్ ఏమిటో తెలియాలంటే మరో ఎలుక దగ్గరికి వెళ్లాలి. 1949లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో చుంచెలుకల్లో ఒక బొద్దు జాతి పుట్టింది. డగ్లస్ కోల్‌మన్ ఆ బొద్దు చుంచును ఒక మామూలు చుంచుతో రక్తం కలిసేలా శస్త్రచికిత్సతో జతచేశాడు. బొద్దు చుంచు తిండి తగ్గించింది. మామూలు చుంచు రక్తంలో తిండిని ఆపేది ఏదో ఉందని, అది బొద్దు చుంచులో లేదని ఆయన అర్థం చేసుకున్నాడు. అదేమిటో 1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ కనిపెట్టాడు. కొవ్వు కణాలే తయారుచేసే హార్మోన్ అది. అప్పటిదాకా కొవ్వంటే ఊరికే పడి ఉండే సరుకనుకునేవారు.

మా పెద్దలు ఇంటి ముందు నేలలో పాతర తవ్వి జొన్నలు దాచేవారు. ఒంట్లోని కొవ్వు అలాంటి పాతరే అనుకుంటే, అందులో ఎంత ఉందో మెదడుకు తెలిపేది లెప్టిన్. పాతర నిండుగా ఉంటే లెప్టిన్ ఎక్కువ, ఆకలి తక్కువ. పాతర తరిగితే లెప్టిన్ తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. పుట్టుకతోనే లెప్టిన్ లేకపోతే? 1997లో ఇంగ్లండులో స్టీఫెన్ ఓరాహిలి, సదఫ్ ఫరూకీ బృందం పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబంలో ఇద్దరు దగ్గరి బంధువుల పిల్లలను పరీక్షించింది. ఎనిమిదేళ్ల పాప బరువు 86 కిలోలు, రెండేళ్ల బాబు 29 కిలోలు. నిత్యం ఆకలే. వాళ్ల రక్తంలో లెప్టిన్ దాదాపు లేదు. ఆ పాపకు రోజూ లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. కంచం ముందు మామూలు పిల్లలా కూర్చోగలిగింది. ఆ తల్లిదండ్రులను అప్పటిదాకా ఎంతమంది ఎన్ని మాటలన్నారో మనం ఊహించుకోవచ్చు.

అలాంటి పిల్లలు చాలా అరుదు. లావుగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది తార్నాక ఎలుక లాంటివాళ్లు. లెప్టిన్ కావలసినంత ఉంటుంది, మెదడే దాన్ని సరిగా అందుకోదు. పాతర నిండా గింజలున్నా, అది ఖాళీ అవుతోందన్నట్టు మెదడు తిండిని అడుగుతూనే ఉంటుంది. పైగా బరువు తగ్గించుకున్నవాళ్లకు శరీరం వెంటనే సహకరించదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో యాభై మందిని పది వారాలు కఠినమైన పథ్యంలో ఉంచిన పరిశోధన 2011లో వెలువడింది. ఏడాది గడిచాక కూడా వాళ్లలో గ్రీలిన్ మునుపటికంటే ఎక్కువగా, లెప్టిన్ తక్కువగా ఉన్నాయి. తగ్గిన బరువు మళ్లీ పెరిగితే మనం “నోరు కట్టుకోలేదు” అంటాం. ఏడాది పొడవునా లోపల నుంచి వచ్చే ఆ తోపుడును వాళ్లు ఎలా తట్టుకున్నారో అడగం.

ఇప్పుడు జీఎల్‌పీ–1ను పోలిన ఇంజెక్షన్లు వచ్చాయి. షుగరుకు, బరువుకు వాడుతున్నారు. 2025లో మౌంజారో, వెగోవీ పేర్లతో మన దేశంలోనూ దొరకడం మొదలైంది. మెదడులోని ఆకలి మార్గాల మీద అవి పనిచేస్తాయి, వాడుతున్న మనిషికి తిండి యావ తగ్గుతుంది. స్థూలకాయం ఒక జబ్బని, దానికి వైద్యం ఉందని చెప్పడానికి ఇదొక రుజువు. డాక్టరు చూడకుండా, ఎవరో చెప్పారని తెచ్చుకుని పొడిపించుకునే మందులు మాత్రం కావవి. వాంతులు, విరేచనాల నుంచి క్లోమం వాపు దాకా దుష్ఫలితాలున్నాయి.

మరో మాట. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది. 2004లో షికాగోలో ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రీలిన్ 28 శాతం పెరిగింది. వాళ్ల మనసు స్వీట్ల మీదికి, ఉప్పు చిరుతిళ్ల మీదికి పోయింది. అర్ధరాత్రి దాకా ఫోన్లు చూసే పిల్లలకు నేను ఈ లెక్క బోర్డు మీద రాసి చూపిస్తాను.

ధాత కరువు నేర్పిన పాఠం

ఇంత గట్టిగా తిండిని అడిగే శరీరం మనకెందుకు వచ్చింది? మన నేల చరిత్రే జవాబు చెబుతుంది. ఈ మార్కాపురం, కంభం తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోనివి. ధాత నామ సంవత్సరంలో, 1876లో మొదలైన కరువు 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని తినేసింది. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది కర్నూలు జిల్లా. 1871 లెక్కలతో పోలిస్తే 1881 జనాభా లెక్కల్లో ఆ జిల్లాలో దాదాపు నాలుగో వంతు మంది లేరు.

ఆ కరువులోనే ఆకలి మీద ఒక పెద్ద వాదం నడిచింది. ఖర్చు తగ్గించడానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కోర్నిష్ ఒప్పుకోలేదు. పనిచేసే ఒంటికి అది సరిపోదని, పప్పు కూడా ఉండాలని, మనుషులు చిక్కిపోతున్నారని రాసి పోరాడాడు. కొద్ది నెలల తర్వాత కూలి పెంచక తప్పలేదు. అప్పటికే ఎందరో పోయారు. ఆకలిని కాగితం మీద లెక్కగా చూసినవాడికీ, ఒంటిని చూసినవాడికీ ఉన్న తేడా ఇది.

అర్ధాకలి మనిషిని ఏం చేస్తుందో 1944–45లో అమెరికాలోని మినెసోటాలో ఆన్సెల్ కీస్ లోతుగా పరిశీలించాడు. యుద్ధంలో చేరనన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. ఇరవై నాలుగు వారాలు సగం తిండి. పాతిక శాతం బరువు తగ్గారు. చదువు మీద, స్నేహాల మీద ఆసక్తి పోయింది. వంటల పుస్తకాలు పోగేసుకుని చదివారు, కంచాలు నాకారు. మళ్లీ తిండి పెట్టాక కడుపు పగిలేలా తిన్నా వాళ్లలో చాలామందికి నెలల తరబడి ఆకలి తీరలేదు. చదువుకున్న, ఆరోగ్యవంతులైన, పట్టుదల గల యువకుల గతి అది. అలాంటి కరువులు ఎన్నో దాటి బతికినవాళ్ల సంతానం మనం. దొరికినప్పుడు తిని దాచుకోగలిగిన శరీరమే అప్పుడు నిలిచింది. ఇప్పుడు అదే శరీరం నిండు సంతలో తిరుగుతోంది.

ముద్ద ముట్టని తాత

మూడో మనిషిని మరిచిపోకూడదు. కొడుకులు, కోడళ్లు హైదరాబాద్‌కో, బెంగళూరుకో వలసపోతే ఊళ్లలో మిగిలేది ముసలివాళ్లు. “ఆకలి కాలా అమ్మా” అంటూ మజ్జిగ తాగి పడుకుంటారు. వయసు మీద పడేకొద్దీ రుచి, వాసన తగ్గుతాయి. జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ‘చాలు’ అనే సీసీకే ఎక్కువసేపు నిలుస్తుంది. దీనికి ఒంటరితనం, ఊడిన పళ్లు తోడవుతాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ వంటి మందులు కొందరికి ఆకలి తగ్గిస్తాయి. క్షయ, కేన్సర్ వంటి జబ్బుల్లో ఒళ్లు విడుదలచేసే రసాయనాలు నేరుగా మెదడులోని ఆకలిని అణిచేస్తాయి. మామూలు జ్వరంలో నోటికి ఏదీ సహించకపోవడానికీ అవే కారణం.

ఆయనది మొండితనం కాదు. కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టాలి. పప్పు, గుడ్డు, పెరుగు, నానబెట్టిన శెనక్కాయలు మెత్తగా చేసి ఇవ్వాలి. వీలైతే పక్కన కూర్చుని పెట్టాలి. కారణం తెలియకుండా ఆరునెలలు, ఏడాదిలోగా బరువు ఐదు శాతం తగ్గితే, అంటే యాభై కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాలి. అక్కడ అది ఉచితమే.

బడి చేయగలిగింది

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం పిల్లల హక్కయింది. మా బడిలోనూ పిల్లలు పప్పన్నం, గుడ్డు తింటున్నారు. అది వాళ్లకు ఎంత మేలు చేసిందో రోజూ చూస్తున్నాను. కానీ ఆ భోజనం పన్నెండు దాటాక వస్తుంది. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లవాడికి అప్పటికే మూడు పీరియడ్లు అయిపోతాయి. లెక్కలు, సైన్సు ఎక్కువగా ఉండేది ఆ మూడింటిలోనే. పొద్దున్నే రాగి జావ ఇచ్చిన రోజు తరగతి వేరుగా ఉంటుంది. అడిగిన ప్రశ్నకు వెనక వరసల నుంచి కూడా చేతులు లేస్తాయి.

మధ్యాహ్న భోజనంతో పాటు ఉదయం పూట కూడా పోషకాహారం ఇవ్వాలని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. మన పక్కనున్న తమిళనాడు 2022 సెప్టెంబరులో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వేడి అల్పాహారం మొదలుపెట్టి, ఆ మరుసటి ఏడాది రాష్ట్రమంతా విస్తరించింది. ఉప్మా, పొంగలి, కిచిడీ లాంటివే పెడతారు. మనకూ అదే కావాలి, హైస్కూలు పిల్లలకూ కావాలి. ముఖ్యంగా తల్లులు చీకటితో కూలికి పోయే ఇలాంటి మెట్ట ప్రాంతాల్లో ముందుగా రావాలి. జొన్నలు, రాగులు, కొర్రలు, కందులు ఇక్కడే పండుతాయి. వండిపెట్టే అమ్మలు ఇక్కడే ఉన్నారు.

అది వచ్చేలోగా ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ తరిగి మూతపెట్టి ఉంచితే పొద్దున పిల్లవాడు తనంతట తాను తినగలడు. గుప్పెడు వేయించిన శెనక్కాయలు, బెల్లం ముక్క జేబులో వేసి పంపొచ్చు. నిదానంగా నమిలి తినడం, వేళకు తినడం, వేళకు పడుకోవడం అందరికీ వర్తించేవే. ఒళ్లు చేసిన పిల్లను పేరుపెట్టి పిలవకుండా, ఆమెతో పాటు ఇంటిల్లిపాదీ అదే తిండి తినడం మొదలుపెట్టండి. ఆకలి లేదన్న పెద్దాయనను తిట్టకుండా బరువు తూయించండి. తోటి టీచర్లకు నేను చెప్పేది ఒక్కటే. మూడో పీరియడ్‌లో తల వాల్చిన పిల్లవాడిని నిలబెట్టి ప్రశ్న అడిగే ముందు, పొద్దున ఏం తిన్నాడో అడగండి. వాడి జవాబును బడి రికార్డులోకి, తల్లిదండ్రుల సమావేశంలోకి, మండల అధికారుల దృష్టికి తీసుకెళ్లండి. ఈ పిల్లల ఆకలి పైవాళ్ల లెక్కల్లోకి ఎక్కాలంటే, రోజూ కళ్లారా చూస్తున్న మనమే దాన్ని రాసి పంపాలి.